చూశానని చెప్పే భాషలు

అమెజాన్ అడవుల్లో ఒక భాష ఉందట. ఆ భాషలో "కుక్క చేపను ఎత్తుకుపోయింది" అని ఊరికే అనేసి ఊరుకోవడం కుదరదట. కళ్ళారా చూసి చెప్తున్నావా, చప్పుడు విని చెప్తున్నావా, నేల మీద పొలుసులు పడి ఉంటే ఊహించి చెప్తున్నావా, ఎవరో చెప్తే చెప్తున్నావా, అది కూడా క్రియలోనే కలిపి చెప్పి తీరాలట. చూడకుండా చూసినట్టు మాట్లాడేవాణ్ణి అక్కడ అబద్ధాలకోరు అంటారట. ఇన్నిసార్లు "అట" అని ఎందుకంటున్నానంటే ఆ అడవికి నేను వెళ్ళలేదు, పుస్తకంలో చదివాను. మనకి ఆ "అట" ఒక్కటే ఉంది, అదీ మనకి ఇష్టమైతేనే వాడతాం.

అది చదివిన రోజు నాకు మొదట వచ్చిన ఆలోచన వేరే. ఆ భాషే గనక దివిసీమలో మాట్లాడి ఉంటే, మా అక్కను చంపిన కేసులో సాక్షులందరి నాలుకలూ పడిపోయేవి అనుకున్నాను. ఇలాంటి మాటలు అంటాననే అమ్మ నన్ను నోటిదురుసుదంటుంది. అననీండి.

తొంభైల్లో నేను గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. సీ, లుక్, వాచ్, ఈ మూడింటికీ తేడా చెప్పేసరికి నా గొంతు పోయేది. "ఐ యామ్ సీయింగ్ టీవీ మేడమ్" అనేవాళ్ళు. పిల్లల తప్పేం లేదు లెండి. మనకి అన్నిటికీ చూడటమే. సినిమా చూస్తాం, పేపరు చూస్తాం, సంబంధం చూస్తాం, కూరలో ఉప్పు చూస్తాం, మంచాన పడ్డవాళ్ళని చూసుకుంటాం, కోపమొస్తే "నీ అంతు చూస్తా" అంటాం. అదే కోపంగా చూడటానికైతే మనవాళ్ళు మాటలకి ఏ లోటూ చెయ్యలేదు. గుడ్లురుముతాం, కళ్ళెర్రజేస్తాం, కొరకొరా చూస్తాం, మిర్రిమిర్రి చూస్తాం. మా బావకి ఇవన్నీ వచ్చు.

బావంటే అక్క మొగుడు. వాళ్ళది అవనిగడ్డ అవతల ఊరు. వరిపొలాలు తవ్వి రొయ్యల చెరువులు వేసినవాళ్ళలో మొదటివాడు. మనిషి ఎర్రగా బుర్రగా ఉంటాడు. తాగుడు లేదు, పేకాట లేదు, పెద్దవాళ్ళెదురైతే చేతులు కట్టుకుని నిలబడతాడు. మా నాన్న అప్పటికే పోయారు. అల్లుణ్ణి చూసి అమ్మ మురిసిపోయింది. అతనికి ఉన్నది ఒకటే జబ్బు, అక్క ఎటు చూస్తోందో చూడటం.

బస్సెక్కితే అక్కను కిటికీ పక్కన కూర్చోనివ్వడు. చెరువు కాపలావాళ్ళు అన్నానికి వస్తే అక్క నేలను చూస్తూ వడ్డించాలి. పాలవాడికి గిన్నె పట్టేటప్పుడు గిన్నెలోకే చూడాలి. తలెత్తిందంటే గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని "ఎవరివంక చూస్తున్నావే?" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, వేళ్ళు మాత్రం దవడలోకి దిగేవి. ఒకసారి నా ముందే అలా చేస్తే "ఏంటి బావా ఆ పట్టుకోవడం, పశువుని పట్టుకున్నట్టు?" అన్నాను. "నీకు మొగుడొచ్చాక తెలుస్తుందిలే మరదలా" అన్నాడు. అప్పట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. ఛీ, ఇలాంటి మొగుడైతే నాకొద్దు బాబోయ్ అనుకున్నాను.

ఒక మాఘ పౌర్ణమికి అందరం కలిసి హంసలదీవి వెళ్ళాం. ఆ రోజు అక్కడ ఇసుక వేస్తే రాలదు. గుళ్ళో దణ్ణం పెట్టుకుని పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో స్నానానికి దిగాం. అక్క మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా పోతున్న పడవల్ని చూస్తోంది. పడవల్ని, అంతే. బావ వెనకనుంచి వచ్చి "ఎవరికోసమే ఆ చూపు?" అన్నాడు. అక్క ఏదో అనబోయింది. జుట్టు పట్టుకుని తల నీళ్ళలో ముంచాడు.

మొదట సరదాకి అనుకున్నాను. అక్క చేతులు నీళ్ళను కొడుతున్నాయి. ఒక అల వచ్చి వెళ్ళింది, ఇంకో అల వచ్చింది, అతను తల లేపట్లేదు. పళ్ళు బిగబట్టి కిందికి నొక్కుతున్నాడు. నేను పరిగెత్తి అతని ముంజేయి పట్టుకుని కొరికాను. కండ ఊడొస్తుందా అన్నంత గట్టిగా కొరికాను. నా నోట్లో ఉప్పు, రక్తం కలిసిపోయాయి. అప్పుడు వదిలాడు. వదిలి నా చెంప మీద ఒక్కటిచ్చాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. అక్క వంగిపోయి నీళ్ళు కక్కుతోంది. అతను పక్కవాళ్ళవైపు తిరిగి "మరదలు కదండీ, సరసం" అన్నాడు నవ్వుతూ.

చుట్టూ ఎంత జనం! సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేవాళ్ళు ఇస్తున్నారు, మునిగేవాళ్ళు మునుగుతున్నారు. ఒకావిడ మాత్రం "అయ్యో, నీళ్ళు మింగిందమ్మా పిల్ల" అంది, తప్పంతా అలదే అయినట్టు. అమ్మ ఒడ్డున నిలబడి తడిబట్టలు పిండుతోంది. నేను బుగ్గ పట్టుకుని దగ్గరికెళ్ళి "చూశావా అమ్మా?" అన్నాను.

"ఏంటే?"

"అక్కని చంపబోయాడు."

"నేనేం చూళ్ళేదు. నువ్వు నోర్ముయ్, నలుగురూ చూస్తారు."

ఆ నలుగురూ ఏం చూస్తారో నాకు అర్థం కాలేదు. కళ్ళ ముందు మనిషిని ముంచుతుంటే చూడనివాళ్ళు, నేను నోరు తెరిస్తే మాత్రం చూస్తారా? దారంతా ఒళ్ళు మండిపోయింది.

ఈ మాటల పిచ్చి నాకు ఆ తర్వాతే పట్టుకుంది. కాలేజీ లైబ్రరీలో ఎవరూ ముట్టుకోని పాత పుస్తకాలు ఉండేవి. ఏ భాష పుస్తకం దొరికినా అందులో చూడటానికి ఏమంటారో వెతికేదాన్ని. సంస్కృతంలో "పశ్యతి" అని ఇప్పుడు చూసేదానికి ఒక ధాతువు, "దదర్శ" అని ఎప్పుడో చూసినదానికి ఇంకో ధాతువు. జపాన్‌లో పలకడం ఒకేలా పలుకుతారు గానీ, రాసేటప్పుడు ఊరికే చూడటానికి ఒక గుర్తు, వైద్యుడు రోగిని చూడటానికి ఒక గుర్తు, దగ్గరుండి సేవ చెయ్యడానికి మరో గుర్తు. రష్యావాళ్ళకి చూపు తిప్పడం వేరు, కంటికి ఆనడం వేరు. దక్షిణాఫ్రికాలో ఒక భాషలో మనిషి ఎదురైతే పలకరింపే "నిన్ను చూశాం" అనట. చదువుతూ చదువుతూ అక్కడ ఆగిపోయాను. పాలకాయతిప్ప ఒడ్డున ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అక్కను అలా పలకరిస్తే ఏం పోయేది?

అక్క గుడివాడ వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పేదాన్ని. మంచం మీద బోర్లా పడుకుని వినేది. వెల్లకిలా ఎందుకు పడుకోదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఒకరోజు అంతా విని "ఎటూ చూడకుండా ఉండటానికి ఏ భాషలోనైనా మాటుందా?" అంది.

"నాకు తెలీదు."

"కనుక్కోవే. నాకు పనికొస్తుంది" అని నవ్వింది. అక్క నవ్వితే పై పెదవి కాస్త వంకరగా లేచేది. ఆ నవ్వు చూడటం నాకు అదే ఆఖరు.

ఎండాకాలం సెలవులకి ముందు ఒక పొద్దున కాలేజీ ఆఫీసుకి ఫోనొచ్చింది. "మీ అక్కకి సీరియస్‌గా ఉంది, అమ్మగారిని తీసుకుని వెంటనే రండి" అని ఎవరో మగగొంతు. రిక్షాలో ఇంటికి పరిగెత్తాను. అమ్మ విని ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. బీరువా తెరిచి ఎర్రంచు పసుపుపచ్చ చీర, కొత్తది, మడత విప్పనిది బయటికి తీసింది.

"సీరియస్ అంటే చీరెందుకమ్మా?"

అమ్మ పసుపు పొట్లం, కుంకుమ, గాజులు సంచిలో వేసింది. అప్పుడు నాకు అర్థమైంది. అక్కడే గుమ్మం మీద కూలబడ్డాను. అమ్మ జబ్బ పట్టి లేపి "పద, ఎత్తేస్తారు" అంది.

టాక్సీ మాట్లాడుకుని పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటుకుంటూ పోయాం. వెళ్ళేసరికి వాకిట్లో శామియానా వేసి ఉంది, పాడె కట్టి సిద్ధంగా ఉంది. అక్కను అరుగు మీద పడుకోబెట్టారు. మొహానికి, మెడకి మందంగా పసుపు పూశారు. మోచేతులు దాటిన చేతుల జాకెట్టు తొడిగారు. ఎండాకాలం అలాంటి జాకెట్టు అక్క ఒంటి మీద ఏనాడూ ఉండదు. కళ్ళ మీద తడిగుడ్డ వేశారు.

"పొద్దున్నే బాత్రూంలో కాలు జారిందండీ వదినగారూ" అని బావ తల్లి అమ్మను పట్టుకుని బావురుమంది. "బకెట్టు అంచు తగిలింది. మహాతల్లి, పసుపుకుంకాలతో వెళ్ళిపోయింది."

అంత తొందరగా అన్నీ సిద్ధం చేసినవాళ్ళు మాకు ఫోనెందుకు చేశారో మీకు చెప్పాలి. మా వైపు పెళ్ళైన ఆడది మొగుడుండగా పోతే పుణ్యస్త్రీ అంటారు. పుట్టింటివాళ్ళు చీర, పసుపు, కుంకుమ తేవాలి, పుట్టింటి ఆడవాళ్ళు నీళ్ళు పోయాలి, ఆ చీరతోనే సాగనంపాలి. అలా చెయ్యకపోతే పోయినావిడ ఆ ఇంటినే పట్టుకుని ఉంటుందనీ, మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే రెండోదాన్ని బతకనివ్వదనీ నమ్మకం. బావేమో తెల్లారకముందే ఎత్తేద్దామన్నాడట. తల్లి పడనివ్వలేదట. "రేపు నీకు ఇంకో పిల్లని తేవాలా వద్దా? దీన్ని పుట్టింటి చీర లేకుండా పంపిస్తే మన కొంప ఉంచుద్దా?" అందట. ఇది వాళ్ళ పనిమనిషి తర్వాత చెప్పగా విన్నాను, చూడలేదు. కొడుకు చేసినదంతా కప్పిపెట్టిన మనిషి, కోడలి దయ్యానికి భయపడి మాకు కబురు పంపింది. ఆ భయమే లేకపోతే మేం వెళ్ళేసరికి బూడిదే.

చీరని పైన కప్పేస్తే చాలనుకుంది ఆవిడ. "స్నానం మేం చేయించేశాం వదినగారూ, పైన పరిచెయ్యండి" అంది.

"మా చీర మా నీళ్ళు పోశాకే కడతాం" అంది అమ్మ. గొంతులో ఏడుపు లేదు.

"వర్జ్యం వచ్చేస్తోంది అత్తయ్యగారూ, ఇప్పుడు మళ్ళీ స్నానమేంటి?" అని బావ అడ్డం వచ్చాడు. తెల్లచొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. ఊరిపెద్ద ఒకాయన కుర్చీలోంచి లేచి "అది పుట్టింటోళ్ళ హక్కయ్యా. పది నిమిషాల పని. మగాళ్ళంతా బయటికి నడవండి" అన్నాడు. ఊరందరి ముందూ ఆచారం కాదనడానికి బావ తల్లికి నోరు రాలేదు. కొడుకు వంక చూసి కళ్ళతోనే వెళ్ళమంది. పొద్దుటినుంచీ శవం పక్కనుంచి కదలనివాడు, అలా బయటికి నడిచాడు.

అక్కను పెరట్లో బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ చీరలు తెరలా పట్టుకున్నారు ఊరి ఆడవాళ్ళు. తెర పట్టినవాళ్ళు లోపలికి చూడకూడదు, మొహాలు బయటికి తిప్పుకుని నిలబడాలి. లోపల నేను, అమ్మ, బావ తల్లి. అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. నేను మెడ మీద పసుపు కడిగాను.

పసుపు కింద వేళ్ళు బయటపడ్డాయి. గొంతుకి అటూ ఇటూ నల్లగా కమిలిన బొటనవేళ్ళ అచ్చులు, వెనక మిగతా వేళ్ళు. జాకెట్టు హుక్కులు విప్పుతుంటే బావ తల్లి నా చెయ్యి పట్టుకుని "తడిపి వదిలెయ్యమ్మా, విప్పకూడదు" అంది. ఆవిడ చెయ్యి విదిలించికొట్టాను. చేతులు, భుజాలు, వీపు. కొన్ని కొత్తవి, ఇంకా ఎర్రగా పచ్చిగా ఉన్నాయి. కొన్ని ఆకుపచ్చకి తిరిగినవి. కొన్ని ఎప్పటివో, మాని తెల్లగీతలైపోయినవి. అక్క బోర్లా ఎందుకు పడుకునేదో అప్పుడు తెలిసింది. కళ్ళ మీది గుడ్డ తీసేసి రెప్ప ఎత్తాను. తెల్లగుడ్డు నిండా ఎర్రటి చుక్కలు.

తెర పట్టుకున్నవాళ్ళలో ఒకామె లోపలికి తిరిగి "ఓలమ్మో" అంది. వెంటనే మొహం అటు తిప్పేసుకుంది. "చూశారుగా! చూడండే అందరూ!" అని అరిచాను. ఒక్కరూ తిరగలేదు. "మాకేం కనపళ్ళేదమ్మా, తొందరగా కానియ్యి" అంది ఇంకొకామె. అమ్మ నీళ్ళు పోస్తూనే ఉంది. అక్క మీదకి కాదు, చెంబులోకి చూస్తూ పోస్తోంది. ఎంత పిలిచినా తలెత్తదు.

నాలో ఏదో తెగిపోయింది. కొత్తచీర తీసి అక్క గుండెల మీద, నడుం మీద కప్పాను. కప్పి, ఆ తెరని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగేశాను. వాకిట్లో మగవాళ్ళందరూ ఇటు తిరిగారు. అక్క చెయ్యెత్తి చూపించాను, మెడ చూపించాను. "బకెట్టు అంచుకి బొటనవేళ్ళు ఉంటాయిరా? చూడండ్రా! చావొచ్చిందా మీ కళ్ళకి?" అని గొంతు చించుకున్నాను. బావ ఒక్క ఉదుటున వచ్చి నా డొక్కలో తన్నాడు. బల్లకి గుద్దుకుని పడ్డాను. జుట్టు పట్టుకుని లేపబోయాడు, చేతికి అందిన ఇత్తడి చెంబుతో వాడి నుదుటి మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. నుదురు పగిలి రక్తం పసుపునీళ్ళలో పడింది. వాడు రెండు చేతులతో నా గొంతు పట్టుకున్నాడు. అక్క చివరికి ఏం చూసిందో నేనూ చూశాను. వాడి మొహమే. మన తెలుగులో దానికి మాట లేదు, ఏ భాషలోనూ ఉండదనుకుంటాను.

నలుగురు పట్టి లాగారు వాణ్ణి. "ఎత్తండి, ముందు పాడె ఎత్తండి" అని ఎవరో అరిచారు. అమ్మ వెళ్ళి అక్క మీద అడ్డంగా పడుకుంది. "ఎత్తితే నన్ను కలిపి ఎత్తండి" అంది. ఎంతమంది లాగినా రాలేదు. ఈలోగా మా టాక్సీ డ్రైవరు, నేనడక్కుండానే కారు తిప్పుకుని అవనిగడ్డ పోలీస్ స్టేషనుకి పోయాడు. ఎస్సై వచ్చేదాకా అమ్మ లేవలేదు. పోస్టుమార్టానికి పంపేటప్పుడు చూస్తే అమ్మ చీరంతా పసుపు.

రెండేళ్ళు దాటాక బందరు కోర్టులో విచారణకొచ్చింది. తెర పట్టుకున్న ఆడవాళ్ళని ఒక్కొక్కరినే బోనెక్కించారు. అందరిదీ ఒకటే పాట. "తెర పట్టుకున్నామండీ. తెర పట్టినోళ్ళు లోపలికి చూడకూడదండీ." పక్కింటికి చుట్టాలొస్తే సంచిలో ఏముందో చూసి చెప్పే మనుషులు! "ఓలమ్మో" అన్నామె నా వంక కూడా చూడలేదు. నన్ను బావ ప్లీడరు ఉతికి ఆరేశాడు. నాకు మొదటినుంచీ బావంటే పగ అన్నాడు, కొరికాననీ తల పగలగొట్టాననీ చెప్పి "ఈవిడ కళ్ళకి ఏం కనపడాలనుకుంటే అది కనపడుతుంది" అన్నాడు. నేను బోనులోంచే తిట్టబోతే జడ్జిగారు మందలించారు.

గొంతు నులిమారనీ, ఒంటి మీద పాతదెబ్బలున్నాయనీ డాక్టరు చెప్పాడు. నులిమింది మొగుడేనని ఎవరు చూశారన్నాడు బావ ప్లీడరు. పాతదెబ్బల్ని కూడా తిప్పేశాడు. మొగుడు కొట్టినవైతే కూతురు తల్లికి చెప్పదా అని. పోలీసుల దగ్గర అమ్మ "దెబ్బలు ఎప్పుడూ చూడలేదు, నాకేం తెలీదు" అంది మరి. మా తరఫు ప్లీడరు ముందురోజే అమ్మకి చెప్పాడు, "మాట మార్చకండమ్మా, మారిస్తే మిమ్మల్నే అబద్ధాలకోరంటారు" అని. ఇక కేసు పోయిందనే అనుకున్నాను. వాడు బయటికొస్తాడు, కొత్తపెళ్ళి చేసుకుంటాడు, కొత్తదాని గడ్డం పట్టుకుంటాడు.

అమ్మ బోనెక్కింది. తల మీద కొంగు కప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"మీ అల్లుడు మీ అమ్మాయిని కొట్టగా మీరెప్పుడూ చూడలేదు. అంతేనా అమ్మా?" అన్నాడు బావ ప్లీడరు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

అమ్మ కొంగు సర్దుకుంది. తర్వాత "కొట్టాక చూశాను బాబూ" అంది.

ప్లీడరు తలెత్తాడు.

"వచ్చినప్పుడల్లా చూపించేది. జాకెట్టు విప్పి నా ముందు కూచునేది. ఆముదం వెచ్చచేసి రాసేదాన్ని. గుడ్డ కాచి కాపడం పెట్టేదాన్ని. రెండ్రోజులుంచుకుని మళ్ళీ బస్సెక్కించేదాన్ని. సముద్రంలో ముంచినప్పుడు కూడా చూశాను. చిన్నది అడిగితే చూళ్ళేదన్నాను."

"ఇదంతా పోలీసులకి చెప్పలేదేం?"

"చూశానంటే, చూసి ఎందుకు పంపావని అడుగుతారు కదయ్యా."

ఎంత తలపండిన ప్లీడరుకైనా ఒక్కోసారి నోరు జారుతుంది. "మరెందుకు పంపారు?" అన్నాడు.

"ఇంట్లో చిన్నదుంది. పెద్దది మొగుణ్ణొదిలేసి వచ్చి కూచుంటే చిన్నదాన్ని చూసుకోడానికి ఎవడొస్తాడు బాబూ?" అంది అమ్మ. "పోనీలే, చిన్నదాని పెళ్ళయ్యాక తెచ్చేసుకుందాం అనుకున్నాను. దానికీ అదే చెప్పాను. సరేనమ్మా అంది."

జడ్జిగారు ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకి చెప్తున్నారు. తప్పు లేని ఇంగ్లీషు. నేను క్లాసులో పిల్లలకి చెప్పేలాంటిదే. ఆముదం, కాపడం అన్నీ అందులో ఉన్నాయి, వరసగా, చల్లగా. చిన్నది అంటే నేను. నా పెళ్ళి కోసం. చూడటానికి వచ్చి, కాఫీ తాగి, మళ్ళీ కబురు పెట్టని ఆ వెధవలందరి కోసం అక్క వీపు అప్పగించి కూర్చుంది, సరేనమ్మా అని.

ఆ సాక్ష్యంతోనే వాడికి శిక్ష పడింది, జీవితఖైదు. పై కోర్టుకి పోయినా వాడి అప్పీలు నిలబడలేదు. తీర్పు రోజు నాకు సరిగ్గా గుర్తు లేదు. అమ్మ సాక్ష్యం చెప్పిన రోజు మాత్రం బాగా గుర్తుంది.

ఆ సాయంత్రం బందరు బస్టాండులో గుడివాడ బస్సెక్కాం. ఇద్దరి సీటులో పక్కపక్కనే కూర్చున్నాం. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఒక్కమాట మాట్లాడితే ఏమనేస్తానో నాకే భయంగా ఉంది. అమ్మ మీద కోపమూ ఉంది, జాలీ ఉంది. బస్సు ఊరు దాటింది.

"ఏదో ఒకటి అనవే. తిట్టు" అంది అమ్మ.

నేను కిటికీ ఊచని గట్టిగా పట్టుకున్నాను.

"దానివంక చూడాల్సినప్పుడు నీవంక చూశానే."

"నన్ను చూడమని నిన్నెవరడిగారే?" అని అరిచాను. బస్సంతా వినపడింది. ముందు సీట్లవాళ్ళు తలలు తిప్పారు, డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఏడుపు ఆగలేదు, అక్క పోయిన రోజు కూడా రాని ఏడుపు. ముక్కు, నోరు ఏకమై, సిగ్గూ శరమూ లేకుండా వెక్కివెక్కి ఏడుస్తున్నాను. నలుగురూ చూస్తున్నారు. ఊళ్ళో ఎవరు గొంతెత్తినా ముందు తలదించుకునే మా అమ్మ, ఆ రోజు తల దించుకోలేదు. నన్ను ఊరుకోమనీ అనలేదు. గుడివాడ వచ్చేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.